పాత పికప్పు బండ్ల బ్రేకు దీపము: స్విచ్చి, తీగలు, పక్షభేదములు

బండిని నడుపు చోదకుడు తన బండియందలి సాధనములలో పెక్కింటి మంచిచెడ్డలను తన యింద్రియములతోనే గ్రహింపగలడు. ఇంజను తడబడినచో చెవికి తెలియును. బ్రేకు సడలినచో కాలికి తెలియును. ముందు దీపము మసకబారినచో ఎదుటి దారియే చెప్పును. బ్రేకు దీపమొక్కటి మాత్రము అట్టిది కాదు. అది వెలిగినను, వెలుగకున్నను చోదకుడెరుగడు. దానిని చూడవలసినవాడు వెనుక వచ్చు పరాయివాడు. ఈ యొక్క లక్షణము వలననే, పరిమాణమున బొటనవ్రేలికి మించనిదైనను, ఆ దీపమును వెలిగించు స్విచ్చియు దాని తీగలును బాధ్యతలో అల్పమైనవి కావు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెండవ ప్రపంచ యుద్ధానంతరము వెలువడిన పికప్పు బండ్లను, అనగా 1948 జనవరిలో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-1ను, 1953లో దాని స్థానము నాక్రమించిన ఎఫ్-100ను, వానికి పోటీయై నిలిచిన షెవ్రొలె 3100ను సేకరించి, బాగుచేసి, నేటికిని రహదారిపై నడుపుచున్నవారు అనేకులు కలరు. వారి నడుమ బ్రేకు దీపపు వైరింగును గూర్చిన చర్చ చిరకాలముగ సాగుచు, నానాటికి చిక్కువడుచు వచ్చినది. ఒకరు స్విచ్చిని మార్చుమందురు. ఒకరు తీగలన్నిటిని ఊడబెరికి క్రొత్తవి వేయుమందురు. మరియొకరు ఆరు వోల్టుల బండిని పండ్రెండు వోల్టులకు త్రిప్పనిదే శాంతి లేదందురు.

ఈ చిక్కునకు ప్రధాన కారణము మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ప్రశ్నగా చలామణి యగుటయే. పెడలు నొక్కబడినదని బండి ఏ విధమున గుర్తింపవలెను? ఆ గుర్తింపును వెనుకకు కొనిపోవు విద్యుత్తు ఏ మార్గమున, ఎంత నష్టముతో పోవలెను? చివర వెలుగు దీపము ఎట్టిదై యుండవలెను? ఈ మూడింటిని విడదీసి పరిశీలించి, ప్రతి పక్షమున గల బలమును, బలహీనతను నిర్ణయించుట ఈ సమీక్ష యుద్దేశము.

వలయ స్వరూపము

బ్రేకు దీపపు వలయము చూచుటకు సరళమైనది. బ్యాటరీనుండి బయలుదేరిన ప్రవాహము, ఇగ్నిషను తాళముతో నిమిత్తము లేకుండ, ఒక ఫ్యూజు ద్వారాగాని తనంత తాను తెగి తిరిగి కలియు బ్రేకరు ద్వారాగాని స్విచ్చి మొదటి కొనకు చేరును. పెడలు నొక్కినప్పుడు స్విచ్చి రెండు కొనలును కలియగా, ప్రవాహము రెండవ కొననుండి బయటపడి, ఇండికేటర్లున్న బండ్లలో ఇండికేటరు స్విచ్చిగుండ కూడ పోయి, చాసీ దూలము వెంబడి వెనుకకు సాగి, బల్బునందలి ప్రకాశవంతమైన తంతువును వెలిగించును. అంతటితో దాని ప్రయాణము ముగియదు. బల్బు లోహపు మొదలునుండి హోల్డరునకు, హోల్డరునుండి దీపపు బ్రాకెట్టునకు, అచటినుండి బాడీకి, చాసీకి ప్రాకి, తుదకు ఎర్తు తీగ ద్వారా బ్యాటరీకి తిరిగి చేరినపుడే దీపము వెలుగును.

ఈ మార్గమున నాలుగు భాగములు కలవు: రాక, స్విచ్చి, పోక, తిరుగురాక. వీనిలో ఏది చెడినను ఫలితమొక్కటే, దీపము వెలుగదు. ఫలితమొక్కటే యగుటచేత కారణము కూడ ఒక్కటేయని భావించి, కంటికి కనబడు స్విచ్చినే దోషిగ నిర్ణయించుట సర్వసాధారణమైన పొరపాటు. దీనిని నివారింపగల పరీక్ష అతి సులభమైనది. స్విచ్చి రెండు కొనలకున్న తీగలను ఊడదీసి, ఆ రెంటిని ఒక చిన్న తీగముక్కతో కలుపవలెను. మన మెకానిక్కులు దీనినే డైరెక్టు చేసి చూచుట యందురు. అట్లు కలిపినపుడు దీపము నిండుగ వెలిగినచో దోషము స్విచ్చిదే. వెలుగనిచో స్విచ్చి నిర్దోషియని అప్పుడే చెప్పజాలము గాని, దోషము మరియొకచోట కూడ నున్నదని మాత్రము నిశ్చయముగ చెప్పవచ్చును. అరనిమిషముపాటి యీ పరీక్షను చేయకయే క్రొత్త స్విచ్చిని కొని తెచ్చుటవలన ధనవ్యయమే కాక, ఆ స్విచ్చి బ్రేకు ఆయిలు పీడనముతో పనిచేయునదైనచో ఆయిలు వలయమును అనవసరముగ విప్పిన దోషము కూడ సంప్రాప్తించును.

చారిత్రక భూమిక

ద్రవపీడనముతో పనిచేయు బ్రేకులను నాలుగు చక్రములకును అమర్చి క్రైస్లరు 1924లో తన కారును విడుదల చేసెను. ఫోర్డ్ సంస్థ చిరకాలము కడ్డీలతో నడుచు యాంత్రికపు బ్రేకులనే విశ్వసించి, తుదకు 1939 నమూనాలతో ద్రవ బ్రేకులను స్వీకరించెను. బ్రేకు ఆయిలు గొట్టములు వచ్చిన పిదప, ఆ పీడనమునే స్విచ్చిగ వాడుకొను నుపాయము తోచుట సహజము. మాస్టర్ సిలిండరునకే, లేదా దానినుండి వెడలు గొట్టపు కూడలికి, ఎనిమిదింట నొక వంతు అంగుళపు పైపు మరతో బిగింపబడు చిన్న స్విచ్చి యిట్లు వాడుకలోనికి వచ్చినది. దానిలో ఒక పలుచని పొర యుండును. దాని కావల రాగి బిళ్ళ యుండును. పెడలు నొక్కగా పుట్టిన పీడనము పొరను నెట్టును. పొర బిళ్ళను రెండు కొనలకు తాకించును. పీడనము తగ్గగానే స్ప్రింగు దానిని వెనుకకు లాగును. షెవ్రొలె వంటివారు ఇందుకు భిన్నముగ, పెడలు కదలికచేతనే మీటబడు స్విచ్చిని అదే కాలమున వాడియుండిరి. నేటి వివాదమున ఎదురెదురుగ నిలిచిన రెండు పద్ధతులును ఆనాడే ప్రక్కప్రక్కన నుండెనను సంగతి గమనింపదగినది.

ఆనాటి విద్యుద్వ్యవస్థ ఆరు వోల్టులది. ఫోర్డ్ బండ్లలో 1955 వరకు బ్యాటరీ ధనధ్రువము ఎర్తుగ నుండెను. షెవ్రొలె బండ్లలో ఋణధ్రువము ఎర్తుగ నుండెను. 1955లో వెలువడిన క్రొత్త షెవ్రొలె పికప్పులు, 1956లో ఫోర్డ్ పికప్పులు పండ్రెండు వోల్టులకు మారినవి. ఫోర్డ్ ఆ మార్పుతోపాటు ఋణధ్రువపు ఎర్తును కూడ స్వీకరించినది. వెనుక దీపముల విషయమున నాటి మర్యాద నేటివారికి వింతగ తోచును. పెక్కు పికప్పు బండ్లకు ఎడమవైపు ఒక్క వెనుక దీపమే ప్రమాణముగ నుండగా, కుడివైపు దీపమును కోరినవారు వేరుగ ధర చెల్లించి అమర్చుకొనుచుండిరి. ఇండికేటర్లును అట్లే అదనపు సాధనములు. కాలిఫోర్నియా చట్టము 1958 జనవరి 1 మొదలుకొని తయారై తొలిసారి నమోదైన మోటారు బండ్లకు రెండు బ్రేకు దీపములను విధించినదనిన, అంతకు పూర్వపు బండ్లకు ఒక్క దీపము చాలునను అభిప్రాయము ఎంత సామాన్యమో ఊహింపవచ్చును.

1967, 1968 ప్రాంతమున రెండు గదుల మాస్టర్ సిలిండర్లు వాడుకలోనికి వచ్చుటతో, పీడనపు స్విచ్చి వైభవము క్షీణించినది. ముందు చక్రముల వలయమును, వెనుక చక్రముల వలయమును వేరుపడగా, ఏ యొక్క వలయమున స్విచ్చిని బిగించినను రెండవదాని సంగతి దానికి తెలియదు. కావున పెడలు కదలికనే నమ్ముకొనిన స్విచ్చి సార్వత్రికమైనది. కార్లకు 1986 నమూనాలనుండి, చిన్న ట్రక్కులకు 1994 నమూనాలనుండి అమెరికాలో మూడవ బ్రేకు దీపము కూడ విధిగ చేరినది. నేడు రహదారిపై వెనుక వచ్చువాని కన్ను మూడు దీపములకు అలవాటుపడినది. ఎఫ్-1 చూపునది ఒక్కటే. ఈ యంతరమే సమకాలిక వివాదమునకు మూలకందము.

మూడు పక్షములు

మొదటిది యథాతథ పక్షము. బండి కర్మాగారమునుండి ఎట్లు వెలువడినదో అట్లే యుండవలెనని, నూలు అల్లికతో కప్పబడిన తీగలు, వాని రంగు గుర్తులు, పీడనపు స్విచ్చి, ఆరు వోల్టులు సమస్తమును నిలుపవలెనని వీరి మతము. వీరి వాదమున భావుకత మాత్రమే యున్నదనుట అన్యాయము. పాత వైరింగు పటము ప్రకారము ప్రతి తీగకు నిర్ణీతమైన రంగు, నిర్ణీతమైన మార్గము ఉండుటచేత, ఆ బండిని ఎన్నడును చూడని మెకానిక్కు కూడ పటమును ముందిడుకొని దోషమును పట్టుకొనగలడు. యథేచ్ఛగ మార్చిన బండిలో ఆ పటము నిరుపయోగమగును. మార్చినవాడు మరణించిన పిమ్మట ఆ వైరింగు ఎవరికిని అర్థము కాదు.

రెండవది బలవర్ధక పక్షము. వీరు పాత రూపమును గౌరవింతురు గాని, పాత దౌర్బల్యములను గౌరవింపరు. స్విచ్చి యున్నచోటనే యుండనిచ్చి, దానికి రిలేను తోడు చేయుదురు. ప్రతి దీపమునకు ప్రత్యేకమైన ఎర్తు తీగను వేయుదురు. ఫ్యూజు లేనిచోట ఫ్యూజును చేర్తురు. వారు చేయు ప్రతి మార్పు తిరిగి విప్పి మొదటి స్థితికి తేదగినదై యుండవలెనని వారి నియమము.

మూడవది పునర్నిర్మాణ పక్షము. పాత తీగల రబ్బరు పొడియై రాలుచుండగ, నూలు మసియై విడిపోవుచుండగ, వానిని రక్షింపబూనుట వ్యర్థమని, పండ్రెండు వోల్టులకు మార్చి, క్రొత్త ఫ్యూజు పెట్టెతో కూడిన సంపూర్ణమైన వైరింగు వేసి, పెడలుకు యాంత్రిక స్విచ్చిని, వెనుకకు ఎల్.ఇ.డి. దీపములను అమర్చుటయే క్షేమమని వీరు వాదింతురు. రోజువారీగ బండిని నడుపువారిలో ఈ పక్షమునకు ఆదరణ హెచ్చు. ప్రదర్శనలకు కొనిపోవువారిలో యథాతథ పక్షమునకు హెచ్చు.

మొదటి వివాదము: పీడనమా, పెడలా?

పీడనపు స్విచ్చిపై మోపబడు ప్రధానాభియోగము ఆలస్యము. పెడలును తేలికగ తాకినపుడు బండి వేగము కొంత తగ్గుచున్నను, స్విచ్చిని కలుపజాలినంత పీడనము పుట్టకపోవచ్చును. అప్పుడు వెనుకనున్నవానికి సంకేతము అందదు. అట్లయిన స్విచ్చిని మరింత సున్నితముగ చేయరాదా యని ప్రశ్నింపవచ్చును. ఇచట యంత్రధర్మమే ఒక హద్దు విధించుచున్నది. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండరులో పెడలును వదలిన పిదప కూడ గొట్టములలో కొంత పీడనమును, చదరపు అంగుళమునకు సుమారు పది పౌండ్లకు అటునిటుగ, నిలిపియుంచు కవాటమొకటి యుండును. చక్రపు సిలిండర్ల రబ్బరు పెదవులు గాలిని లోనికి పీల్చకుండుటకు అది యవసరము. స్విచ్చి ఆ మిగులు పీడనమునకే కలిసినచో దీపము ఎన్నటికిని ఆరదు. కావున పీడనపు స్విచ్చి ఆ హద్దును దాటిన తరువాతనే పలుకవలెను. ఎంత నేర్పుగ చేసినను కొంత ఆలస్యము దాని పుట్టుకలోనే కలదు.

రెండవ యభియోగము మరింత గంభీరమైనది. ఒకే గది గల మాస్టర్ సిలిండరులో ఎచటనైన గొట్టము పగిలి ఆయిలు కారిపోయినచో, బ్రేకు పనిచేయకపోవుటే కాక, పీడనము లేమిచే దీపము కూడ వెలుగదు. ప్రమాదపు సంకేతము అత్యవసరమైన క్షణముననే మూగవోవును. మూడవ యభియోగము స్విచ్చియే కారుటకు తావగుననునది. పొర చినిగినచో ఆయిలు కొనలవరకు వచ్చి, తీగలను తడిపి, క్రిందికి చుక్కలుగ పడును; విద్యుత్సాధనపు దోషము బ్రేకుల దోషముగ పరిణమించును.

పెడలు స్విచ్చికిని నిందలు లేకపోలేదు. ఎఫ్-1 వంటి బండిలో పెడలు కడ్డీ నేలను చీల్చుకొని క్రిందికి పోవును. మాస్టర్ సిలిండరు చోదకుని పాదముల క్రింద, చాసీకి బిగింపబడి యుండును. అచట స్విచ్చిని అమర్చినచో బురద, నీరు, రాళ్ళు దానిని వదలవు. లోపల అమర్చుటకు అనువైన చోటు తక్కువ. బ్రాకెట్టు ఏమాత్రము వంగినను, పెడలు వెనుకకు తెచ్చు స్ప్రింగు ఏమాత్రము సడలినను, స్విచ్చి ఎల్లప్పుడు కలిసియే యుండును. వలయము ఇగ్నిషను తాళముతో సంబంధము లేనిదగుటచే, రాత్రి నిలిపియుంచిన బండి బ్యాటరీ తెల్లవారునప్పటికి ఒట్టిదగును. అంతకన్న హానికరమైనది, నిరంతరము వెలుగు బ్రేకు దీపము వెనుకవానికి ఏ సమాచారమును ఇయ్యజాలకపోవుట.

ఉభయపక్షముల వాదములను తూచి చూడగా, త్వరగ తెలుపుటలోను, ఆయిలు పోయినపుడు కూడ తెలుపుటలోను పెడలు స్విచ్చిదే పైచేయి. సవరణ అవసరము లేకుండుటలోను, మూలరూపమును కాపాడుటలోను పీడనపు స్విచ్చిదే పైచేయి. ఈ రెంటిని సమాంతరముగ కలిపి, ఏది ముందు కలిసినను దీపము వెలుగునట్లు చేయుట మూడవ మార్గము. మూల స్విచ్చి స్వస్థానమున నుండును. దాని ఆలస్యమును రెండవది పూరించును. అయితే రెంటిలో నొకటి చెడినను రెండవది దానిని కప్పిపుచ్చునుగాన, వానిని అప్పుడప్పుడు వేర్వేరుగ పరీక్షించు అలవాటు లేనివారికి ఈ మార్గము పూర్ణఫలము నీయదు.

రెండవ వివాదము: తీగ మందము, ఎర్తు, వోల్టులు

ఈ వివాదమున అభిప్రాయముల కన్న అంకెలు ఎక్కువ చెప్పగలవు. ఆరు వోల్టుల బండ్లలో సాధారణముగ వాడబడు 1154 సంఖ్య గల రెండు తంతువుల బల్బు, బ్రేకు తంతువునకు సుమారు 2.6 ఆంపియర్లు లాగును. పండ్రెండు వోల్టుల 1157 బల్బు సుమారు 2.1 ఆంపియర్లు లాగును. రెండు దీపములకు ఆరు వోల్టుల బండిలో 5.2, పండ్రెండు వోల్టుల బండిలో 4.2 ఆంపియర్లగును. స్విచ్చినుండి వెనుకకు అయిదు మీటర్ల తీగ కలదనుకొందము. అమెరికా కొలతలో 18 గేజి తీగ అయిదు మీటర్లకు సుమారు 0.105 ఓములు నిరోధించును. 16 గేజి తీగ 0.066, 14 గేజి తీగ 0.041. ఆరు వోల్టుల బండిలో 18 గేజి తీగ వాడినచో తీగలోనే అర వోల్టునకు పైగా నష్టపోవును. 14 గేజి వాడినచో ఆ నష్టము సుమారు 0.2 వోల్టులకు దిగును.

అర వోల్టు స్వల్పమని తోచవచ్చును. కాని తంతు దీపపు వెలుగు వోల్టులతో సమానముగ తగ్గదు. వోల్టుల మూడున్నర ఘాతమునకు దాదాపు సమమైన వేగముతో తగ్గును. ఆరు వోల్టులలో అర వోల్టు పోయినచో వెలుగులో సుమారు నాలుగవ వంతు పోవును. పండ్రెండు వోల్టుల బండిలో అదే 18 గేజి తీగ వాడినను వెలుగు నష్టము పదింట నొక వంతునకు అటునిటు మాత్రమే. విశేషమేమన, ఆరు వోల్టుల బండిలో 14 గేజి తీగ వాడినచో వెలుగు నష్టము పండ్రెండు వోల్టుల బండిలో 18 గేజి తీగ వాడినప్పటి నష్టముతో ఇంచుమించు సమానమగుచున్నది. అనగా, ఆరు వోల్టులు స్వభావముననే మసక వెలుగునిచ్చునను లోకోక్తి సత్యము కాదు. సన్నని తీగలతో, తుప్పుపట్టిన కూడళ్ళతో ఆరు వోల్టులు మసకబారునను మాట సత్యము. మందమైన తీగను వేసినవాడు బండిని పండ్రెండు వోల్టులకు మార్పకయే ఆ మార్పు ఫలములో పెద్దభాగమును పొందగలడు.

తీగకన్న అధికముగ హాని చేయునది ఎర్తు. మూలమున తిరుగురాక మార్గము తీగ కాదు, బండి ఉక్కే. డెబ్బది యేండ్లు గడచిన బండిలో దీపపు బ్రాకెట్టునకు, వెనుక సామాను పెట్టె గోడకు, చాసీకి నడుమ తుప్పు పొరలు పేరుకొనియుండును. శ్రద్ధగ బాగుచేసిన బండిలోనైతే తుప్పునకు బదులు క్రొత్త రంగు పొరలు అడ్డుపడును. అందుచేతనే ఎంతో వ్యయముచేసి రంగు వేయించిన బండిలో దీపములు మునుపటికన్న మసకబారుట తరచుగ సంభవించుచున్నది. ఎర్తు చెడిన దీపమును గుర్తించుట కష్టము కాదు. బ్రేకు నొక్కగా ఆ దీపము మసకగ వెలుగుచు, వెలుగకూడని మరియొక దీపము, వెనుక దీపపు చిన్న తంతువో, డాషుబోర్డు దీపమో, ఇండికేటరో, మినుకుమినుకుమనినచో, తిరుగు దారి మూసికొనిపోయిన ప్రవాహము రెండవ తంతువుగుండ దొంగదారి పట్టినదని తెలియవలెను. హోల్డరు లోహమునుండి చాసీలోని శుభ్రమైన లోహమునకు ఒక తీగను తాత్కాలికముగ తాకించి చూచినచో సందేహము తీరును.

ఈ పరీక్షలకు సాధనమేది యనుదానిపై కూడ భేదాభిప్రాయము కలదు. డిజిటలు మీటరు సూక్ష్మమైనదే. కాని అది స్వయముగ ప్రవాహమును లాగదు గనుక, పోగులన్నియు తెగి ఒక్క పోగు మిగిలిన తీగలో కూడ పూర్తి వోల్టులను చూపి మోసగించును. టెస్టు ల్యాంపు మొరటుదైనను కొంత భారము మోపును. ఉత్తమమైన పద్ధతి, బల్బు వెలుగుచుండగనే మీటరును ఒక కొన బ్యాటరీకి, మరియొక కొన హోల్డరునకు పెట్టి, మార్గమున ఎంత వోల్టు పోవుచున్నదో కొలుచుట. రాక మార్గమును, తిరుగురాక మార్గమును వేర్వేరుగ కొలిచినచో దోషమున్న భాగము తనంత తానే బయటపడును.

మూడవ వివాదము: రిలే, ఫ్యూజు

క్రొత్తగ కొనిన పీడనపు స్విచ్చిలు కొలది కాలముననే చెడుచున్నవని ఫిర్యాదు సర్వత్ర వినబడుచున్నది. కొందరు ఈ దోషమును సిలికోను జాతి బ్రేకు ఆయిలుపై, అనగా డాట్ 5 పై, మోపుదురు. కొందరు కంటాక్టుల నాసిరకపు లోహముపై మోపుదురు. ఉభయులకును అనుభవమే ప్రమాణము. కారణమేదైనను, అయిదు ఆంపియర్ల ప్రవాహమును ప్రతిమారును తెంచుచు కలుపుచు నుండుటవలన కంటాక్టులు కాలుననుటలో వివాదము లేదు. రిలేను చేర్చినచో స్విచ్చిగుండ పోవునది రిలే చుట్టకు కావలసిన స్వల్ప ప్రవాహమే. దీపముల భారమును రిలే వహించును. పైగా దీపములకు బ్యాటరీనుండి నేరుగ మందమైన తీగను వేయవచ్చును గాన వెలుగు కూడ హెచ్చును.

ప్రతిపక్షుల సమాధానము తేలికగ త్రోసిపుచ్చదగినది కాదు. రిలేతో వలయమున మరి నాలుగు కూడళ్ళు చేరును. ఒక్కొక్క కూడలియు భవిష్యత్తున చెడగల స్థానమే. రిలే చుట్ట ఆరునప్పుడు పుట్టు ఎదురుదెబ్బ వోల్టులను అణచుటకు డయోడు పెట్టినచో, ధనధ్రువపు ఎర్తు గల ఫోర్డ్ బండిలో దానిని త్రిప్పి పెట్టవలెను; మరచినచో స్విచ్చి కలిసిన మరుక్షణమే షార్టు. డయోడునకు బదులు నిరోధకము గల రిలేను ఎన్నుకొనినచో ఈ చిక్కు తప్పును.

ఫ్యూజు విషయమున మూడు పక్షములును సమీపించుచున్నవి. నిరంతరము విద్యుత్తు నిండియుండు ఈ తీగ, చాసీ వెంబడి పదునైన అంచుల ప్రక్కగ పోవుచున్నది. రబ్బరు రాలిన పాత తీగ ఒరసికొనినచో మంటలు పుట్టవచ్చును. మూలమున రక్షణ లేనిచోట కంటికి కనబడని తావున ఫ్యూజును చేర్చుటకు యథాతథవాదులు సైతము అంగీకరించుచున్నారు. మిగిలిన ప్రశ్న ఒక్కటియే: ముందు దీపములకు, బ్రేకు దీపములకు ఒకే ఫ్యూజు ఉండవచ్చునా? ఉండరాదనుట సమంజసము, ఒకదాని షార్టుచే రెండవది ఆరుట రాత్రివేళ ప్రాణాంతకము.

నాలుగవ వివాదము: ఇండికేటర్లతో పొత్తు

స్టీరింగు స్తంభమునకు బిగించు ఏడు తీగల ఇండికేటరు స్విచ్చిని పాత బండ్లకు చేర్చుట పరిపాటి. దీపమును మినుకుమనిపించు ఫ్లాషరునుండి వచ్చునది ఒకటి, బ్రేకు స్విచ్చినుండి వచ్చునది ఒకటి, ముందు దీపములకు రెండు, వెనుక దీపములకు రెండు, గుర్తు దీపమునకు ఒకటి, ఇట్లు సాధారణముగ ఏడగును. వెనుక ఒకే తంతువు బ్రేకునకును ఇండికేటరునకును ఉపయోగపడునపుడు, బ్రేకు ప్రవాహము ఈ స్విచ్చిగుండనే పోవలెను. ఎడమకు మీటినపుడు ఎడమ దీపము బ్రేకునుండి విడివడి ఫ్లాషరుతో కలియును, కుడి దీపము బ్రేకుతోనే యుండును. పాత తీగను తీసివేయక దీనిని చేర్చినచో రెండు దారులును కలిసి, ఒక వైపు ఇండికేటరు వేయగా రెండు దీపములును మినుకుమనును. ఒక్క ప్రక్క బ్రేకు దీపము మాత్రమే వెలుగక, రెండవది చక్కగ వెలుగుచున్నపుడు, పెడలు దగ్గరి స్విచ్చిని నిందింపక ముందుగ ఈ ఇండికేటరు స్విచ్చి కంటాక్టులను, ఆ ప్రక్క ఎర్తును పరీక్షింపవలెను.

బ్రేకునకును ఇండికేటరునకును వేర్వేరు దీపములుండుటయే స్పష్టతకు మేలని ఒక వాదము. పాత బండి వెనుకభాగమున మరి రెండు దీపములను చేర్చినచో దాని ముఖమే మారునని ప్రతివాదము. ఇందు యంత్రధర్మము ఏ పక్షమును ఓడింపదు. ఇది రుచిభేదముగ మిగిలియున్నది.

అయిదవ వివాదము: ఎల్.ఇ.డి. దీపములు

తంతు దీపము పూర్తి వెలుగునకు చేరుటకు సెకనులో అయిదవ వంతు పట్టును, ఎల్.ఇ.డి. దీపము తక్షణమే వెలుగును. గంటకు 60 మైళ్ళ వేగమున ఆ అయిదవ వంతులో బండి అయిదు మీటర్లకు పైగా సాగును. వెనుకవానికి అయిదు మీటర్ల యెడము చేకూరుట సామాన్యలాభము కాదు. ప్రవాహము కూడ అత్యల్పమగుటచే స్విచ్చి కంటాక్టులు చిరకాలము మన్నును. ఎర్తు నిరోధముయొక్క దుష్ఫలితము కూడ తగ్గును. కాని ఎల్.ఇ.డి. ధ్రువభేదమును పాటించును గనుక, ధనధ్రువపు ఎర్తు గల ఫోర్డ్ బండిలో మామూలు ఎల్.ఇ.డి. బల్బు వెలుగదు. అందుకై ప్రత్యేకముగ చేసినది కావలెను. వేడిచే పనిచేయు పాత ఫ్లాషరు ఇంత తక్కువ ప్రవాహమునకు మినుకుమనదు. దానిని కూడ మార్పవలెను. పాత ఎర్రగాజు వెనుక తెల్లని ఎల్.ఇ.డి. పెట్టినచో రంగు వెలవెలబోవును, ఎర్రని ఎల్.ఇ.డి. తగును. అద్దము రూపకల్పన తంతువు స్థానమును ఆధారముగ చేసికొనియుండుటచే, కొన్ని ఎల్.ఇ.డి. బల్బులు నేరుగ చూచినపుడు ప్రకాశించి, ప్రక్కనుండి చూచినపుడు మసకబారును.

తారతమ్య సంగ్రహము

యథాతథ పక్షము: వైరింగు పటముతో సరిపోవుట, మూలరూప రక్షణ దీని బలము, వెలుగు తక్కువ, ఆలస్యము, ఆయిలు పోయినపుడు మౌనము దీని బలహీనత. పరిమిత సంచారము గల ప్రదర్శన బండికి ఇది తగును.

బలవర్ధక పక్షము: మూలరూపమును చెరుపకయే వెలుగును, మన్నికను పెంచుట దీని బలము, కూడళ్ళు పెరుగుట, చేసిన మార్పును వ్రాసియుంచవలసిన బాధ్యత దీని బరువు. అప్పుడప్పుడు రహదారిపైకి వచ్చు బండికి ఇది తగును.

పునర్నిర్మాణ పక్షము: భద్రత, విడిభాగముల లభ్యత దీని బలము, మూల వైరింగు శాశ్వతముగ నశించుట, ఒక మార్పు పది మార్పులకు దారితీయుట దీని బలహీనత. నిత్యము వేగపు రహదారిపై నడుచు బండికి ఇది తగును.

తేలని అంశములు

కొన్ని ప్రశ్నలు ఇంకను తేలియుండలేదు. ఒకే దీపముతో పుట్టిన బండికి రెండవ దీపమును చేర్చుట చరిత్రకు ద్రోహమా, ధర్మమా? ఆనాడే కుడి దీపము అదనపు సాధనముగ లభించినదగుటచే అది చరిత్రకు విరుద్ధము కాదని కొందరు సమర్థించుచున్నారు. ఈ సమర్థనము మూడవ బ్రేకు దీపమునకు వర్తింపదు. అయినను, వెనుక అద్దమునకు లోపల తాత్కాలికముగ బిగించు మూడవ దీపమును, ప్రదర్శనవేళ తీసివేయవచ్చును గనుక, ఆమోదించు ధోరణి బలపడుచున్నది. రెండవ ప్రశ్న, పాత బండిలో రెండు గదుల మాస్టర్ సిలిండరును చేర్చినపుడు స్విచ్చి సమస్య దానంతటదే పెడలు వైపు మొగ్గునుగాన, బ్రేకు దీపపు వివాదమును బ్రేకుల వివాదమునుండి విడదీయుట ఎంతవరకు సాధ్యమనునది. మూడవది, నూలు అల్లిక తీగలను నేటి ప్లాస్టిక్కు తొడుగుతో, పైన నూలు అల్లికతో తయారుచేసినపుడు అది మూలరూపమా, అనుకరణమా యనునది. ఇది ప్రదర్శనలలోని పరీక్షకుల నియమములపై ఆధారపడిన ప్రశ్నయే గాని విద్యుత్తుకు సంబంధించినది కాదు.

నిర్ణయము

ఈ వాదములనన్నిటిని పరిశీలింపగా స్పష్టమగునది, పక్షమును ఎన్నుకొనుటకు ముందు కొలత జరుగవలెననుట. దీపము వెలుగకుండుటకు కారణము స్విచ్చియో, తీగయో, ఎర్తో తెలియకయే ఒక పక్షమున చేరినవాడు, ఎంత వ్యయము చేసినను, దోషమును తనతో కూడ క్రొత్త వైరింగులోనికి కొనిపోవును. ముందుగ స్విచ్చిని డైరెక్టు చేసి చూడవలెను. పిదప దీపము వెలుగుచుండగ వోల్టు నష్టమును రెండు మార్గములలోను కొలువవలెను. అటుపిమ్మట ఎర్తులను శుభ్రపరచి, ప్రత్యేక తీగలను వేయవలెను. ఈ మూడు పనులకు ఏ పక్షమువారును అభ్యంతరము చెప్పజాలరు. పెక్కు బండ్లకు ఇంతకు మించి అవసరము కూడ నుండదు.

అంతకు మించిన మార్పు కావలసివచ్చినపుడు, యజమాని అభిరుచి గాని, పరీక్షకుల మెప్పు గాని ప్రథమ ప్రమాణము కారాదు. ఈ దీపము యజమాని కొరకు నిర్మింపబడినది కాదు. దానిపై ఆధారపడువాడు ఆ బండి చరిత్రను ఎరుగడు, దాని వోల్టులను ఎరుగడు. ఎదుటి బండి ఆగుచున్నదో లేదో సకాలమున తెలియుట మాత్రమే అతనికి కావలెను. ఆ హక్కునకు భంగము కలుగునంత మేర మూలరూపము తలవంచవలెను. అంతకు మించి వంచనక్కరలేదు. చేసిన ప్రతి మార్పును తిరిగి విప్పదగినదిగ చేసి, ఏ తీగ ఏ రంగుదో, ఎచట రిలే కలదో, ఎచట ఫ్యూజు కలదో ఒక కాగితముపై వ్రాసి బండిలోనే ఉంచినచో, భద్రతను కోరువానికిని, చరిత్రను కోరువానికిని, రేపు ఆ బండిక్రింద పడుకొని పనిచేయబోవు మెకానిక్కునకును న్యాయము జరుగును.